కచేరిలో బాపు కట్టిన చీర

మా బాపు నోరు తెరిస్తే పక్కింటి పిల్లలు ఏడుపు ఆపేవారు. అది కోపం కాదు, మామూలు గొంతే. చిన్ననాటి నుంచి బావి మీద మోట తోలిన మనిషి. ఎద్దులను అదిలించి, పాటలు పాడి, పక్క చేలవాళ్లతో గట్టు మీది నుంచే ముచ్చట పెట్టి ఆ గొంతు అలా తయారైంది. అన్నంలోకి ఉప్పు అడిగినా ఊరికి నిప్పంటుకున్నట్టే ఉండేది. దానికి తోడు ముఖం నిండా అమ్మవారు పోసిన గుంటలు, చెంపల దాకా తిరిగిన మీసాలు. ఇబ్రహీంపట్నం బజారులో తెలియనివాళ్లు ఆయనకు దారి వదిలేవారు. ఇంట్లో మాత్రం బల్లి మీద పడితే అమ్మను పిలిచేవాడు.

నిజాం రోజుల మాట ఇది. నాకు అప్పటికి పదేళ్లుంటాయేమో. మాకు ఒక బర్రె ఉండేది. ఆ ఏడు దాని దూడ పుట్టిన నెలకే చచ్చిపోయింది. దూడ కనబడకపోతే బర్రె పాలు చేపదు, పొదుగులోనే బిగబట్టుకుంటుంది. అమ్మ దాన్ని ఎట్లా మచ్చిక చేసుకుందో గానీ, పాలు పిండేటప్పుడు ఎప్పుడూ ఒకే చీర కట్టేది. ముదురెరుపు నేత చీర, నల్లంచు. దాన్ని ఉతికేది కాదు. బర్రె ముందు ఆ కొంగును వాసన చూసేది, తర్వాత ఒకసారి నాకేది, అప్పుడు పాలు వదిలేది.

ఇంతలో మా చిన్న తమ్ముడు పుట్టాడు. అమ్మ పురిటి గదిలో పడింది. ఇరవై ఒక్క రోజులు గడప దాటకూడదు. మరి బర్రెను పిండేదెవరు? నాయనమ్మ వేళ్లు వాతానికి వంకరపోయాయి. నేను చెంబు పట్టుకుని వెళితే ఒక్క తన్ను తన్నింది, చెంబు ఒక దిక్కు, నేను ఒక దిక్కు. బాపు వెళితే అసలు దగ్గరికే రానివ్వలేదు. ఒక పూట చూశాడు, రెండు పూటలు చూశాడు. మూడో పూట కొట్టం తలుపు మూసి లోపల గడియ పెట్టాడు. నేను తడక సందులోంచి చూశాను. బాపు అమ్మ చీర కట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని, మీసాలు దాచుకుని చెంబు పట్టుకుని కూర్చున్నాడు. బర్రె కొంగు వాసన చూసింది. పాలు ధారగా పడ్డాయి.

బయటికి వచ్చి నాకూ నాయనమ్మకూ ఒకటే మాట చెప్పాడు.

"గీ ముచ్చట తలుపు దాటిందంటే నేను బావిల దుంకుత!"

అది ఊరంతటికీ వినబడింది. ఏ ముచ్చటో అందులో లేదు కాబట్టి బతికిపోయాం.

వారం తిరగకుండానే బర్రె పోయింది. మేతకు పోయిన మంద సాయంత్రం తిరిగి వచ్చింది గానీ అందులో ఇది లేదు. రెండు రోజులు వెతికి, మంచాల ఊరి దిక్కు ఒక రైతు వాకిట్లో కట్టేసి ఉంటే బాపు గుర్తుపట్టాడు. ఆ రైతు బక్కపలుచటి మనిషి, తెల్లటి అంగీ, మెత్తటి మాట. "కొన్ననే అన్నా. దారిల ఒకాయన అమ్మితే కొన్న" అన్నాడు. అమ్మినాయన ఎవరంటే ఎరగనన్నాడు. బాపు ఆ మాటలు ఇంటికి వచ్చి చెబితే నాయనమ్మ కంచంలోంచి చెయ్యి తీసి అంది:

"గంత నిమ్మళంగ మాట్లాడెటోడు దొంగ గాక ఇంకేంది కొడుకా? మంచోనికి గంత మెత్తగ మాట్లాడే పనేంది?"

వాళ్ల దిక్కు ఇద్దరు సాక్షులు, మా దిక్కు ఇద్దరు. నల్ల బర్రెలన్నీ ఒక్కతీరే ఉంటాయి, పెద్దమనుషులు తేల్చలేక మున్సిఫ్ కచేరికి పంపారు. బర్రెను సర్కారు బందెలదొడ్డిలో కట్టేశారు. కచేరి మా ఇంటికి రెండు వీధుల అవతలే. నాయనమ్మ నా భుజం పట్టుకుని నడిచేది, అందుకే నేనూ వెళ్లాను.

మున్సిఫ్ సాబ్ ఉర్దూలో అడిగేవాడు, పక్కన కచేరి గుమాస్తా పేష్కారు తెలుగులో చెప్పేవాడు. బర్రె ఎవరిదని అడిగారు.

"నాదే సర్కార్!" అన్నాడు బాపు.

దూలాల మీద పావురాలు లేచిపోయాయి. మున్సిఫ్ సాబ్ కలం కింద పెట్టాడు. మెల్లగా చెప్పమని పేష్కారు సైగ చేశాడు.

"నేనేం ఒర్రుతలేను సర్కార్! నా గొంతే గింత!"

ఇది మొదటిదానికంటే పెద్దగా వచ్చింది. మున్సిఫ్ సాబ్ బాపు మీసాలను చూశాడు, ముఖం మీది గుంటలను చూశాడు, గుమ్మం దగ్గరి జవానును రెండడుగులు దగ్గరికి వచ్చి నిలబడమన్నాడు.

తర్వాత ఆ రైతు చేతులు కట్టుకుని, మధ్యమధ్య రెండు ఉర్దూ మాటలు కలిపి చెప్పాడు. "హుజూర్, ఆయన బర్రె పూటకు రెండు సేర్లు ఇస్తదని ఆయనే అంటుండు. నేను కొన్నది గుంజితే గిద్దెడు ఇస్తది. అంటే ఆయన బర్రె వేరు, ఇది వేరు." మున్సిఫ్ సాబ్ తల ఊపాడు. ఎండన పడి వచ్చావు, నీళ్లు తాగమన్నాడు. జవాను ఆ రైతుకు నీళ్లు తెచ్చి ఇచ్చాడు, మాకు ఇవ్వలేదు. నాయనమ్మ దాన్ని బాగా చూసిపెట్టుకుంది.

రేపు పొద్దున ఇద్దరూ నా ముందే పిండి చూపించండి, తీర్పు అప్పుడే అన్నాడు సాబ్, కచేరి లేచింది. బాపు ముఖంలో నెత్తురు లేదు. ఎందుకో మా ముగ్గురికే తెలుసు.

కచేరి ముందు చెట్టు కింద అర్జీలు రాసే మున్షీ ఒకాయన ఉండేవాడు, బాపుకు ఎరుకైన మనిషి. ఆయన బాపును పక్కకు పిలిచాడు.

"ఇగో అన్నా, బుర మానకు, కోపం చేసుకోకు. నిన్ను చూస్తే నాకే నా కలందాను దాచుకోబుద్ధయితది. సాబ్‌కు ఏం తప్పు? రేపు షరీఫ్ మనిషి లెక్క రా. సాబ్ ఒక్కసారి నిన్ను మంచోడనుకున్నడంటే పాలు పిండెడి దాకా పోదు."

ఆ చివరి మాట బాపుకు ప్రాణం పోసింది. పిండే పనే లేకపోతే చీర పనే లేదు. నేరుగా మంగలి దగ్గరికి వెళ్లి మీసాలు తీయించుకున్నాడు. మున్షీ తన పెండ్లినాటి షేర్వాణీ ఇచ్చాడు, టోపీ ఇచ్చాడు, చెవి వెనక అత్తరు దూది పెట్టాడు. ఇంటికి వస్తే మా కుక్క మొరిగింది. బాపు పురిటి గది తలుపు ముందు నిలబడి మెత్తగా మాట్లాడడం నేర్చుకుంటుంటే అమ్మ లోపలి నుంచి అంది:

"సాబ్ సంగతి సరే. బర్రెకు అత్తరు వాసన పడతదా?"

"బర్రె దాక పోదంటున్న గద!" అని బాపు అరిచాడు. నేర్చుకున్నదంతా పోయింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

పొద్దున్నే మున్సిఫ్ సాబ్ బాపును చూసి, ఈయన ఎవరని పేష్కారును అడిగాడు. నిన్నటి మనిషేనంటే నమ్మలేదు. బెంచీ చూపించి కూర్చోమన్నాడు. బాపు ఎంత మెల్లగా చెప్పాడంటే పేష్కారు రెండుసార్లు వంగి చెవి పెట్టాల్సి వచ్చింది. పాపం మనిషికి నీరసంగా ఉన్నట్టుంది, నీళ్లు ఇవ్వమన్నాడు సాబ్. అదే జవాను, అదే చెంబు. బాపు నీళ్లు తాగి మా దిక్కు గర్వంగా చూశాడు. నాయనమ్మ మాత్రం ఒళ్లో చిన్న మూట పెట్టుకుని కదలకుండా కూర్చుంది. అందులో రొట్టెలున్నాయనే నేను అనుకున్నాను.

ఎంత మంచివాడనుకున్నా, సాబ్ పాలు పిండే సంగతి మాత్రం మరిచిపోలేదు. బర్రెను కచేరి వాకిట్లోకి తెచ్చారు. జనం మూగారు. ముందు ఆ రైతు కూర్చున్నాడు. బర్రె విసుక్కుంటూ నిలబడింది. గుంజి గుంజి గిద్దెడు తీశాడు. తర్వాత బాపు షేర్వాణీ ఎత్తి పట్టుకుని వంగాడు. బర్రె మూతి ముందుకు చాపింది, అత్తరు ముక్కుకు తగిలింది, బుస్సుమని ఒక్క తన్ను తన్నింది. బాపు వెల్లకిల పడ్డాడు. టోపీ పేడలో పడింది, షేర్వాణీ చంక కింద చరచర చినిగింది. చెట్టు కింద మున్షీ కళ్లు మూసుకున్నాడు.

మున్సిఫ్ సాబ్ ముఖం మళ్లీ నిన్నటిలా అయిపోయింది. పేష్కారు కలం సిరాలో ముంచాడు.

అప్పుడు నాయనమ్మ లేచి మూట విప్పింది. ఎర్ర చీర.

"అవ్వా, మూట కట్టు" అన్నాడు బాపు. ఆ మాట నిజంగానే మెల్లగా అన్నాడు.

"మూట కడితే బర్రె పోతది."

"పోతె పోనీ!"

"పోనియ్యి. రేపటి సంది ఆ బాలింతకు ఏం పోస్తవ్? నీ మీసాల ఇజ్జతు కడిగి పోస్తవా? గవి గూడ మంగలోనికిచ్చి వస్తివి గద!"

జనం నవ్వారు. బాపు చెయ్యి మూతి మీదికి పోయింది, అక్కడ ఏమీ దొరకలేదు. బర్రె పొదుగు చూశాడు, రోజుల తరబడి సరిగ్గా పిండక బిగుసుకుపోయి ఉంది. అది నొప్పితో కాళ్లు మార్చి మార్చి పెడుతోంది. బాపు షేర్వాణీ విప్పి, మడత పెట్టి, మున్షీ చేతికిచ్చాడు. చెవి వెనక దూది తీసి పారేశాడు, వాకిట్లోని నీళ్ల తొట్టి దగ్గర మెడ దాకా కడుక్కున్నాడు. సాబ్ దిక్కు తిరిగి తన సొంత గొంతు తీశాడు.

"సర్కార్! నా పెండ్లాం బాలింత! గీ బర్రె ఆమె చీర చూస్తెనే చేపుతది! బర్రె పోయెదాక కొట్టం తలుపులు మూసి నేనే కట్టుకున్న, నేనే పిండిన! నవ్వెటోళ్లు నవ్వుండ్రి!"

పావురాలు మళ్లీ లేచిపోయాయి. పేష్కారు ఉర్దూలో చెప్పబోయి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, మూడోసారికి చెప్పగలిగాడు.

బాపు చీర చుట్టుకున్నాడు, కొంగు తల మీదికి లాగాడు. జనం ఈలలు వేస్తున్నారు. ఆయన ఎవరి దిక్కూ చూడలేదు. బర్రె కొంగు వాసన చూసింది. ఇంకోసారి చూసింది. నాలుక చాపి నాకింది. చెంబులో మొదటి ధార పడిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ చప్పుడుకు జనం తమంతట తామే ఈలలు ఆపారు. రెండు సేర్లు కాలేదు గానీ సేరున్నర దాటింది.

మున్సిఫ్ సాబ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. అయినా న్యాయం న్యాయమే కదా, ఆ రైతును కూడా చీర కట్టుకుని పిండి చూడమన్నాడు. ఆ రైతు చేతులు జోడించాడు.

"వద్దు హుజూర్. నేను కట్టుకుంటే నాకూ ఇస్తదేమో. గని చీర వాళ్లింటిదే గద. బర్రె గూడ వాళ్లదే. నాకు అమ్మినోడు తలకు పెద్ద రుమాలు చుట్టుకున్నడు, మెడల తాయెత్తు, చూస్తే పటేల్ లెక్కనే ఉన్నడు. పేరు గూడ అడుగలే. నమ్మిన."

అంతసేపూ ఆయన్ని దొంగ దొంగ అని తిడుతున్న నాయనమ్మ ఖాళీ మూటగుడ్డను మడత పెట్టుకుంది. సాబ్ బర్రెను మాకిచ్చి, ఆ రుమాలువాణ్ణి వెతకమని జవానులకు చెప్పాడు. ఆ రైతు ఒక్కడే గోడవారన నిలబడ్డాడు. నిన్న నీళ్లు తెచ్చిన జవాను ఈరోజు ఆయన దిక్కు చూడనుకూడా లేదు. నాయనమ్మ నీళ్ల చెంబు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లింది.

"ఇగ, దోసిలి పట్టు బిడ్డా. పొద్దటి సంది ఏమన్న తిన్నవా లేదా?"

ఆయన దోసిలితో తాగుతుంటే అంది, "నీ మాట మెత్తగుంటె దొంగవనుకున్న. మనసుల పెట్టుకోకు." ఆయన మూతి తుడుచుకుని నవ్వాడు. "నేను గూడ మీ కొడుకు మీసాలు చూసి గట్లనే అనుకున్ననమ్మా."

తిరుగుదారిలో ఇంకో చిక్కు వచ్చింది. బాపు చీర విప్పగానే బర్రె నాలుగు కాళ్లూ పాతుకుని నిలబడిపోయింది. లాగితే రాలేదు, అదిలిస్తే రాలేదు. మళ్లీ కట్టుకుంటే వెనకే నడిచింది. అట్లా బాపు పట్టపగలు బజారు నడిమధ్యన, తల మీద కొంగుతో, బర్రె ముందు నడిచాడు. వెనక నుంచి ఒక కూరగాయలావిడ గబగబా వచ్చి అడిగింది.

"అక్కా, ఓ అక్కా! పాలు అమ్ముతవా?"

"ఇయ్యాల లేవ్! రేపు ఇంటికి రా!"

ఆమె గంప జారిపోయి వంకాయలన్నీ బజారు పాలయ్యాయి. వాటిని ఏరడానికి బాపు కొంగు నడుముకు దోపి కూర్చున్నాడు. చుట్టూ చేరినవాళ్లకు, ఎందుకు కట్టుకున్నదీ తానే చెప్పుకున్నాడు. చెప్పకపోతే వదిలేలా లేరు.

అమ్మ పురిటి గది గడప లోపల నిలబడి, నాయనమ్మ నోట కచేరి సంగతంతా విని, బాపును కిందికీ మీదికీ చూసింది. చేతుల్లో పిల్లవాడు కదిలిపోయేలా నవ్వింది. "కుచ్చిళ్లు గట్లనేనా పెట్టేది? గందుకే బర్రె రెండోసారి వాసన చూసింది" అంది.

ఆ సాయంత్రం బాపు పాలు పిండడానికి కొట్టంలోకి పోయాడు. నేను అలవాటుగా తడక సందు దగ్గరికి వెళ్లాను. ఆ అవసరం లేకపోయింది. తలుపు బార్లా తెరిచి ఉంది. బాపు ఎర్ర కొంగు కప్పుకుని, మోట పాట ఎత్తుకుని, నాలుగు వీధులకు వినబడేలా పాలు పిండుతున్నాడు.