తుండుగుడ్డ మీద మూడో పాదం

దెయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు లాంటి కబుర్లు మా ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లి ఫ్యాన్ స్పీడు పెంచే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. నేను ఫిజియోథెరపిస్టుని. అంబత్తూరులో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. పొద్దంతా లేత్ మెషిను ముందు నిలబడేవాళ్ల నడుములు, బరువులెత్తేవాళ్ల భుజాలు చూసి చూసి, మనిషి ఒళ్లు ఎందుకు పట్టేస్తుందో, ఎలా వదులుతుందో నాకు కొంచెం తెలుసు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇంకొకరు చెబితే ముందు నవ్వేది నేనే.

అసలు సంగతికి ముందు ఇంకో విషయం చెప్పాలి. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అందరు బిడ్డలూ తల ముందు పెట్టి వస్తే నేను కాళ్లు ముందు పెట్టి వచ్చానట. అలా పుట్టినవాళ్లు కాలితో తాకితే నడుము పట్టు వదిలిపోతుందని మనవాళ్ల నమ్మకం. మేము ఈ తమిళ ఊళ్లో, చూలై పేటలో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లం. మా వీధి మొత్తానికి ఆ యోగం పట్టింది నాకొక్కదానికే.

చిన్నప్పుడు నేను బడికి బయల్దేరే వేళకి ఎవరో ఒకరు నడుము పట్టుకుని వంగిపోయి గుమ్మంలో నిలబడేవాళ్లు. అమ్మ వాళ్లను బోర్లా పడుకోబెట్టి, నడుము మీద తెల్ల తుండుగుడ్డ పరిచేది. పెద్దవాళ్ల ఒంటి మీద నేరుగా కాలు పెట్టకూడదు కదా. నా ఎడమ పాదం కడిగి పసుపునీళ్లలో ముంచేది. నేను మూడుసార్లు ఆ గుడ్డ మీద పాదం ఆనించాలి. తర్వాత తొక్కించుకున్నవాళ్ల కాళ్లకే దండం పెట్టాలి. డబ్బులు తీసుకోకూడదు, కమర్‌కట్టు మిఠాయి తీసుకోవచ్చు. మా లెక్కల మాస్టారు వచ్చిన రోజు మూడుకి బదులు నాలుగు వేశాను, కాస్త గట్టిగానే. ఆయన మర్నాడు హాయిగా నడుచుకుంటూ క్లాసుకు వచ్చి నాకు సున్నా వేశారు.

పన్నెండేళ్లప్పుడు రుబ్బురోలు పొత్రం జారి నా ఎడమకాలి చిటికెన వేలి మీద పడింది. ఎముక సరిగ్గా అతుక్కోలేదు. వేలు పైకి లేచినట్టు ఉండిపోయింది. అప్పటినుంచీ అది నేలకు తగలదు. కాలేజీలో పాదాలకు ఇంకు పూసి కాగితం మీద ముద్రలు తీసే ప్రాక్టికల్ ఉండేది. అందరివీ అయిదేసి వేళ్లు పడితే నా ఎడమ పాదం నాలుగు వేళ్లతో పడింది. క్లాసంతా ఒకటే నవ్వు. ఇప్పటికీ తడికాలితో నడిస్తే నావి నాలుగే. ఈ వేలి గొడవంతా ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

చదువు మొదలయ్యాక తొక్కడం మానేశాను. పట్టేసిన నడుము చాలామందికి కొన్ని రోజుల్లో తనంతట తానే వదులుతుంది. ఆ రోజుల్లో ఏం చేస్తే దానికి పేరొస్తుంది. కాలికైనా, నూనెకైనా, ఉన్నమాట చెప్పాలంటే నా కరెంటు మెషిన్లకైనా అంతే. ఈ మాట చెబితే అమ్మకు మండుకొచ్చేది. వీధిలో వాళ్లను నేను వెనక్కి పంపిన ప్రతిసారీ వాళ్లకు కాఫీ ఇచ్చి, నా తరఫున క్షమాపణ చెప్పి పంపేది.

పోయిన ఏడాది అమ్మ నడుమే పట్టేసింది. నాన్న పోయాక అమ్మ అదే వీధిలోని మా ఇంట్లోనే ఉంటోంది. క్యాన్ నీళ్లు తెచ్చే మురుగన్ క్యాన్ గుమ్మంలో పెట్టి పోతే, నేను వచ్చేదాకా ఆగలేక తానే ఎత్తబోయింది. వంగిన మనిషి వంగినట్టే ఆగిపోయింది.

డాక్టరు చూశాడు, స్కాన్ తీయించాం. నరం మీద ఒత్తిడి లేదు, ఎముక బాగుంది. కాళ్లలో తిమ్మిరి లేదు, బలం తగ్గలేదు. లేచి నడవాలమ్మా, అదే మందు అన్నాడు. కానీ అమ్మ లేవలేదు. మొదట్లో నొప్పి, తర్వాత నొప్పి వస్తుందేమోనన్న భయం. నేను వేడి కాపడం పెట్టాను, చిన్న చిన్న వ్యాయామాలు మంచం మీదే చేయించాను. నేను చేయిస్తే చేసేది. నిలబడమంటే మాత్రం మంచం పట్టె గట్టిగా పట్టుకునేది. బాత్రూంకి మా ఆయనా నేనూ చెరో పక్కా పట్టుకుని తీసుకెళ్లేవాళ్లం.

చుట్టాలు ఊరుకుంటారా? ఒకరు నాటుమందుల అంగడి నుంచి నూనె తెచ్చారు. రాయండి, నష్టం లేదన్నాను. మైలాపూరు పిన్ని ఎవరి దగ్గరో కొన్న పొడి తెచ్చింది. పొట్లం మీద పేరు లేదు, అందులో ఏం కలిపారో రాసి లేదు. అది మాత్రం చెత్తబుట్టలో వేశాను. పిన్ని ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతోంది.

అమ్మకు వీటన్నిటి మీదా ధ్యాస లేదు. ఆమె అడిగింది ఒక్కటే.

“ఏమే వసంతా, వీధిలో వాళ్లందరికీ తొక్కినావు. కన్నతల్లికి తొక్కేదానికి నీ సదువు అడ్డమొస్తా ఉండాదా?”

నేను వినిపించుకోలేదు. పగలు క్లినిక్‌లో శాస్త్రం చెప్పి, ఇంటికొచ్చి తల్లి నడుము మీద కాలు పెట్టడమేమిటని నా పట్టుదల.

అమ్మ రోజూ పొద్దున్నే పూలంగడికి నడిచి వెళ్లి, మూర కొలత దగ్గర పూలామెతో ఒక యుద్ధం చేసి వచ్చే మనిషి. అలాంటిది గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. కాఫీ చల్లారిందని కూడా అనడం లేదు. ఒకరోజు మెల్లగా నా చెయ్యి పట్టుకుని, మంచం మీదే వాడుకునే బెడ్‌పాన్ ఒకటి కొనుక్కురమ్మంది. నాకు భయమేసింది. అలా పడుకున్న పెద్దవాళ్లు మళ్లీ లేవకపోవడం నా ఉద్యోగంలో చూశాను. జబ్బు లేకుండానే అమ్మ నాకు దక్కకుండా పోతుందేమోననిపించింది.

మర్నాడు ఉదయం వంటింట్లో నిలబడి ఆలోచించాను. కాలు ఆనిస్తే నష్టం లేదు. ఆ నమ్మకంతో ఆమె రెండడుగులు వేస్తే మిగతాది నేను చూసుకుంటాను. గిన్నెలో పసుపు కలుపుకుని గదిలోకి వెళ్లాను.  నా చేతిలో గిన్నె చూసి అమ్మ బోర్లా తిరిగింది. అన్ని రోజుల్లో తనంతట తాను బోర్లా తిరగడం అదే మొదలు.

తుండుగుడ్డ పరిచాను. కుర్చీ పట్టుకుని, బరువు పడకుండా, ఎడమ పాదం ఆనించాను. మళ్లీ నీళ్లలో ముంచి రెండోసారి ఆనించాను. అంతలో బయటినుంచి కేక వినిపించింది.

“అక్కా, తణ్ణీ!”

మురుగనే. అమ్మకు అలా అయినప్పటినుంచీ పాపం క్యాన్ తానే లోపలికి తెచ్చి పెట్టి పోతున్నాడు. నేను ముందుగదిలోకి వెళ్లి గడియ తీశాను. అతను క్యాన్ మూలన పెట్టి, ఖాళీది తీసుకుని, అమ్మ ఎలా ఉందని అడిగి వెళ్లాడు. మళ్లీ గడియ వేశాను. మాది రెండు గదుల ఇల్లు, ఉన్నది ఒకటే వాకిలి. అమ్మ గదిలోకి వెళ్లాలంటే నన్ను దాటుకునే వెళ్లాలి. ఎవరూ వెళ్లలేదు. మా ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. మా అబ్బాయి కోయంబత్తూరు హాస్టల్లో ఉన్నాడు. మా అంతస్తులో చిన్నపిల్లలు లేరు.

తిరిగి వచ్చేసరికి అమ్మ మంచం మీద లేచి కూర్చుని, కాళ్లు కిందికి పెడుతోంది.

“ఉండమ్మా, ఇంకోటి ఉంది,” అన్నాను.

“ఇంకేం ఉండాదే? మూడూ అయిపోయినాయి కదా. మూడోదే కరెక్టుగా పడింది. చిన్నప్పుడు తొక్కినట్టే ఉన్నింది.”

అని లేచి నిలబడింది. గోడ పట్టుకుంది, తర్వాత వదిలేసింది. వంటింటిదాకా నడిచింది. నేను పక్కనే చేతులు చాచి నడిచాను, పట్టుకోవాల్సిన పని పడలేదు. గట్టు దగ్గర ఆగి, స్టవ్ ఇంత జిడ్డుగా ఎవరు పెట్టారని అడిగింది. నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే నవ్వాను.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, పక్క సర్దుదామని వెళ్లాను. తుండుగుడ్డ మంచం మీద పరిచినట్టే పడి ఉంది. దాని మీద మూడు పసుపు పాదాలు ఉన్నాయి.

రెండు నావి. నాలుగేసి వేళ్లు, వెడల్పాటి మడమ. మూడోది చిన్నది. నా చెయ్యి చాపి పక్కన పెడితే దాదాపు చేతంత ఉంది. ఏడెనిమిదేళ్ల పిల్ల పాదం. అదీ ఎడమదే. అయిదు వేళ్లూ పడ్డాయి. చిటికెన వేలు కూడా గుండ్రంగా, చక్కగా పడింది.

 భయం వేసిందా అంటే, వేయలేదు. నాకే వింతగా అనిపించింది.

సాయంత్రం మా ఆయనకు చూపించాను. మూడోది నేనే వేసి మర్చిపోయి ఉంటానని, సగం పాదమే తగిలి ఉంటుందని, గుడ్డ ముడత పడి చిన్నదైందని అన్నాడు. నేనైనా ఇంకొకరికి అదే చెప్పేదాన్ని. కానీ సగం పాదానికి మడమ ఎలా పడుతుంది? ముడత పడితే వేలు ఎలా పెరుగుతుంది? పాత తుండుకి పాత మరకేమోనని కూడా ఆలోచించాను. నేను చూసేసరికి అది ఇంకా తడిగా ఉంది.

అమ్మకు చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చూసింది.

“ఇది నీ కాలే. నాకు తెలీదా?”

అంతే. ఆశ్చర్యపోలేదు. మూడోరోజుకల్లా పూలంగడికి వెళ్లి, ఇన్నాళ్ల బాకీ పోట్లాట తీర్చుకుని, మల్లెపూలతో తిరిగొచ్చింది. వచ్చాక ఆ తుండుగుడ్డ కూడా ఉతికి మేడ మీద ఆరేసింది. ఎండకు పసుపు నిలవదు. సాయంత్రానికి గుడ్డ తెల్లగా అయిపోయింది. ఫోన్‌లో ఫోటో ఉంది. కానీ చూసినవాళ్లు, ఎవరి పిల్లదో పాదం, అయితే ఏంటట అంటారు. వాళ్లను తప్పుపట్టను.

అమ్మకు తగ్గింది నేను చేయించిన వ్యాయామాల వల్లనా, రోజులు గడవడం వల్లనా, నా కాలి మీది నమ్మకం వల్లనా అని ఎవరైనా అడిగితే, మూడూ కలిసి అని ధైర్యంగా చెబుతాను. ఆ పాదం సంగతి మాత్రం చెప్పలేను. ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.

వీధిలో వాళ్లు మళ్లీ వస్తున్నారు. ముందు నేను చూడాల్సినవన్నీ చూస్తాను. కాలు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా నేరుగా డాక్టరు దగ్గరికే పంపుతాను, బతిమాలినా తొక్కను. ఉత్త పట్టే అయితే వ్యాయామం నేర్పుతాను. ఆ తర్వాత కూడా అడిగితే కాదనను. అమ్మ పసుపునీళ్లు కలిపి తెస్తుంది, తుండుగుడ్డ పరుస్తుంది.

రెండుసార్లు కాలు ఆనిస్తాను. మూడోదానికి ముందు పాదం పైకెత్తి కాసేపు ఆగుతాను. కాలు నొప్పేస్తోందా అని పడుకున్నవాళ్లు అడుగుతారు. లేదంటాను. ఇప్పటిదాకా ఏమీ జరగలేదు. మూడోది కూడా నా నాలుగు వేళ్లతోనే పడుతోంది. అయినా ప్రతిసారీ, ఆ పిల్ల వస్తుందేమోనని ఒక్క క్షణం చోటిస్తాను.