మూడు నీళ్లు పోసేదాకా గడప దాటని పుస్తకం

మా చిన్నప్పుడు పుస్తకానికి కూడా అమ్మవారు పోసేది...

నవ్వకండి. కొత్తగూడెం బొగ్గుబాయి క్వార్టర్లలో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా జరిగిన సంగతే చెబుతున్నా. జనవరి చలి. నాకు ఒళ్లంతా పొక్కులు లేచిన రోజునే, మా లైనులో చేతులు మారుతున్న డిటెక్టివ్ నవల మా ఇంటి వంతుకు వచ్చింది. ఒక్కొక్కరికి రెండు రోజుల వంతు. వంతు అయిపోయినవాళ్లు సగం దాకే చదివి, హంతకుడెవరో తెలియక కొట్టుకుంటున్నారు; మిగతావాళ్లకు ఇంకా వంతే రాలేదు.

అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇక మూడు నీళ్లు పోసేదాకా, అంటే పొక్కులు మాడి మూడు స్నానాలయ్యేదాకా, ఆ ఇంట్లోంచి చెంబు కూడా బయటికి పోకూడదు... పుస్తకం మాత్రం ఎలా పోతుంది?

నేనూ, ఆ పుస్తకమూ వెనక గదిలో బందీ అయిపోయాం. వేపాకుల మీద పక్క. దురదపెడితే గోకకూడదు. ఆ గదికున్న ఒక్క కిటికీ లోంచి గిన్నెలు తోమే గచ్చు, దాని వెనక గోడ తప్ప ఇంకేమీ కనబడేది కాదు. నాలుగో రోజుకి ఆ గోడ మీద పగుళ్లు కూడా లెక్కపెట్టేశాను.

మా లైను వాళ్లు మాత్రం ఊరుకుంటారా... గుమ్మం తొక్కితేనే తప్పు గానీ కిటికీ బయట కూర్చుంటే తప్పు లేదని వాళ్లకు వాళ్లే తీర్మానించుకున్నారు. మధ్యాహ్నం పనులయ్యాక వచ్చి గచ్చు చుట్టూ కూర్చునేవాళ్లు. నేను లోపలి నుంచి పైకి చదవాలి.

కథ ఇదీ. ఎక్కడో చలిదేశం. మంచు కురిసి దారులన్నీ మూసుకుపోయిన బంగళా. లోపల, పనామె తెచ్చిచ్చిన పాలు తాగిన ఇంటి పెద్దాయన చచ్చిపోయి ఉంటాడు. ఎవరూ బయటికి పోలేరు, చంపినవాడు వాళ్లలోనే ఉన్నాడు.

మా తర్వాతి వంతు పక్క క్వార్టర్ సరోజన పెద్దమ్మది. ఆవిడకు మొదట్లోనే అనుమానం వచ్చింది.

"గిదేంది బిడ్డా, పొద్దున తొమ్మిదైతే మంచు ఇడిసిపోతది గదా. గప్పుడు పోవచ్చు గదా వాళ్లు."

మా అడవి వైపు పొగమంచు తప్ప ఆవిడ ఇంకో మంచు ఎరగదు. ఇది గడ్డకట్టే మంచు పెద్దమ్మా, తలుపు సగం దాకా పేరుకుంటుంది అని చెప్పాను. నాకైతే ఆ తలుపు నా గదిదే అనిపించింది.

"పనామెనే చంపింది. పాలు తెచ్చిచ్చింది అదే గదా" అంది పెద్దమ్మ. మిగతావాళ్లు కూడా అవ్ అంటే అవ్ అన్నారు.

గచ్చు మీద గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

తోముతున్నది రాజక్క. చదువు రాదు, మా లైనులో నాలుగిళ్లలో పని చేసేది. చిన్నప్పుడే ఆమెకు అమ్మవారు పోసిందట, అందుకే మా ఇంటికి రావడానికి భయపడలేదు. నెల కిందట సరోజన పెద్దమ్మ ఉంగరం పోయింది. రాజక్క మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు... కానీ ఆమె ఇంట్లోకి వస్తే ఎవరో ఒకరు ఏదో పని ఉన్నట్టు వెనకే తిరిగేవాళ్లు. ఆమెను మాన్పించాలని మాట నడుస్తోంది. అది ఆమెకూ తెలుసు.

"అది చంపదమ్మా" అంది రాజక్క, తలెత్తకుండానే. "మంచు పోయినంక అందరు ఎవరిండ్లకు వాళ్లు పోతరు. దానికి యాడ ఇల్లుంది? తిండి పెట్టేటాయన్ని ఎవరన్న చంపుకుంటరా?"

"చదువు బిడ్డా" అంది మా అమ్మ.

ఆ సాయంత్రం ఆగలేక చివరి పేజీలు ఒక్కదాన్నే చదివేశాను. చంపింది పనామెనే. ఏదో పాత పగ. నాకు ఏడుపొచ్చింది, పొక్కుల మీద ఉప్పునీళ్లు మండాయి కూడా.

మర్నాడు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, అందులో లేనిది చదివాను. చంపింది ఆ పెద్దాయన తమ్ముడని. ఆస్తి కోసమని. పనామె నిర్దోషి అని పోలీసులు వదిలేశారని...

"నేను మొదాల్నే అనుకున్న" అంది సరోజన పెద్దమ్మ.

రాజక్క చేతులు కడుక్కుని కిటికీ దగ్గరికి వచ్చింది. "ఇంకోపారి చదువు బిడ్డా... ఆ పనామెను ఇడిసిపెట్టే కాడ."

మళ్లీ చదివాను. అవే మాటలు మళ్లీ కల్పించడానికి నా ప్రాణం పోయింది. ఆమె మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మూడో నీళ్లు పోశారు. పుస్తకం మీద కూడా పసుపునీళ్లు చిలకరించి, ఎండలో పెట్టి పంపించారు. అది సరోజన పెద్దమ్మ చేతికే పోయింది.

రెండో రోజు మధ్యాహ్నం, గచ్చు దగ్గర అందరి ముందూ పెద్దమ్మ నవ్వుతూ చెప్పింది. "పిల్ల మనకు అబద్ధం చదివింది గదనే రాజక్కా. చంపింది పనామెనే. నేననలే?"

అందరూ నవ్వారు. వాళ్లకు అది కథే. అమ్మ ఒక్కతే నా వైపు చూసింది, తిట్టలేదు.

రాజక్క గిన్నెలన్నీ బోర్లించి, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"అయితే బిడ్డా... గా పుస్తకం రాసినాయన గూడ గట్లనే అనుకున్నడా?"

నేను గోడ మీది పగుళ్లకేసి తిరిగాను.

వారం తిరక్కుండానే ఆమె పని మానేసింది. చండ్రుగొండలో తమ్ముడి దగ్గరికి పోయి, అక్కడే పొలం పనులు చేసుకుంటోందని విన్నాం. ఉంగరం దొరికిందో లేదో ఎవరూ చెప్పలేదు.

మొన్న ఫోనులో ఇక్కడే, ఇలాంటి ఓ మంచు దేశం నవల గురించి పాఠకుల అభిప్రాయాలు చదువుతూ కూర్చున్నాను. చలి బాగా రాశారనీ, హంతకురాలు పనిమనిషేనని ముందే తెలిసిపోయిందనీ... ఎన్ని అభిప్రాయాలో. వేలితో ఇలా జరుపుతూ పోతే అయిపోవు. ఆ రోజుల్లో ఒక పుస్తకానికి పదిమంది కిటికీ కింద కూర్చునేవాళ్లు, మాట్లాడినప్పుడు మొహాలు కనబడేవి.

తమకు అక్షరం రాకపోయినా మీకు పుస్తకం చదవడం నేర్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా... ఉంటే కింద వాళ్ల పేరు రాయండి. పూర్తి పేరు రాయండి.

రాజక్క ఇంటిపేరేమిటో నాకు తెలియదు. ఒక్కసారి కూడా అడగలేదు.