కొండతల్లికి పచ్చమండ

విశాఖపట్నం నుంచి అరకు సంతకి మా ఉప్పు బస్తాలు తెచ్చే బండివాడు, ఘాటీ మలుపులో కొండతల్లి రాయి ముందు పచ్చమండ వెయ్యందే కదిలేవాడు కాదు. మొదట్లో బండి దిగకుండానే చెయ్యి చాచి కొమ్మ విరిచేవాడు. పట్నంలో హార్బరు పని మొదలయ్యాక, తిరుగు బండిలో ఆ కొండ దుంగలు దించిందీ అతనే. రానురాను మండ కోసం ఎద్దుల్ని విప్పి లోయలోకి దిగాల్సి వచ్చేది.

చివరిసారి నేనూ ఆ బండెక్కాను. బస్తాల మీద మామిడి మండ ఉంది.

"ఏటిది?" అన్నాను.

"తల్లికి బాబూ. పట్నంలో దొరగారి తోటమాలిని బతిమాలి తెచ్చినాను."

"వాడిపోయింది కదా!"

అతను మలుపులో దిగి, దాన్ని రాయి ముందు పెట్టి దండం పెట్టాడు.

"ఉప్పునాగే ఇదీ పట్నం సరుకే తల్లీ, సర్దుకో."