నాగేంద్రప్రసాద్ సారు గళ్ల పిచ్చి

నాగేంద్రప్రసాద్ సారుకు ఒకటే పిచ్చి. ఏది కంటబడినా లెక్కపెట్టి, గోడ మీద గళ్లుగా పేర్చాలి. అలాంటివాణ్ణి పంతులుగా పెట్టుకున్న బడిని తలచుకుని సంజీవమ్మ జాలిపడేది.

ఇరాక్ సైన్యం సరిహద్దు దాటి రాగానే ఆ బడి మూతపడింది. సంజీవమ్మను ఇంటిపనికి పెట్టుకున్న కఫీల్ తన కుటుంబంతో సౌదీకి పారిపోయాడు. రుమైథియాలోని ఒక పాత భవనంలో పద్నాలుగు గదుల తెలుగువాళ్లు దేశం దాటించే బస్సు కోసం ప్రాణాలు బిగబట్టుకుని కూర్చుంటే, ఈ మహానుభావుడు పిల్లల్ని మెట్ల కింద చేర్చి వంటింటి ఈగల్ని లెక్కపెట్టించాడు.

“ఈగలకు మేడలు కడతాండారా సారూ?”

“మేడ కాదమ్మా, బార్ గ్రాఫ్. ఒక గడికి ఒక ఈగ. గళ్లన్నీ ఒకే కొలత.”

వీధిలో ట్యాంకు పోతే పెద్దలు మంచాల కింద దూరేవారు. పిల్లలు మాత్రం ఆ ట్యాంకుకూ ఒక గడి నింపడానికి గోడ దగ్గరికి పోటీపడేవారు. చంపడానికొచ్చినోళ్లకు కూడా హాజరు వేసే పంతులు ఈయనొక్కడేనని సంజీవమ్మ గదిగదికీ చెప్పింది.

తర్వాత పిల్లలు తలుపులు తట్టసాగారు. ఏ గదిలో ఎన్ని రోజులకు తిండి ఉందో, రోజుకొక గడి. “సిగ్గులేని లెక్కలు,” అని విసుక్కుంటూనే సంజీవమ్మ తొమ్మిది చెప్పింది.

సెప్టెంబరులో రాయచోటి అబ్దుల్ సలాం బస్సు తెచ్చాడు. “నలభైమందే పడతారు. తక్కినోళ్లు వచ్చే వారం,” అన్నాడు. అంతే, మగవాళ్లు కాలర్లు పట్టుకున్నారు.

తొమ్మిదేళ్ల జకియా గోడ చూపించింది. “పొట్టి గీతలోళ్లు ముందు ఎక్కల్ల. హమీదా బీ గదికి రెండే గళ్లు.”

అందరూ గోడ వైపు చూశారు. కాలర్లు వదిలారు. సంజీవమ్మ తన మూట దించి పక్కకు జరిగింది. అప్పుడే ఆమెకు అనుమానం వచ్చింది. గదులు పద్నాలుగు, గీతలు పదమూడే.

“సారు గది ఏదే?”

“గీయొద్దన్నాడు. ఉన్న బియ్యమంతా హమీదా బీకి ఇచ్చేసినాడు. మూడు రోజులుగా ఖర్జూరాలే.”

“సున్నాకు గీత ఉండదమ్మా,” అన్నాడు సారు, తప్పు చేసినవాడిలా. “అది పాఠంలోనే ఉంది.”

“పేరన్నా ఉండల్ల గదా,” అంటూ సంజీవమ్మ సుద్దముక్క లాక్కుంది. “బడి ఖలాస్. ఎక్కండి.”

“మిగిలిన పిల్లలకు పాఠం?”

“నేనుండా. ఎక్కండి సారూ.”

అక్షరం రాని సంజీవమ్మ, బస్సు మలుపు తిరిగాక పిల్లల వైపు తిరిగింది. “బస్సులో పిల్లోళ్లెంతమందో, పెద్దోళ్లెంతమందో గీయండి. గళ్లు వంకరపోతే చెయ్యి విరుస్తా.”