దొరకు దాహమేసిన రోజు

దయ్యాల మాటెత్తిన వాళ్లను నేను వదిలిపెట్టేదాన్ని కాదు, ఏడిపించేదాన్ని. ల్యాబ్ ఉద్యోగం నాది. కంటితో చూసిందే నమ్ముతాను. ఇది కూడా కంటితో చూసిందే, అదే చిక్కు.

రెండు వేల సంవత్సరం దాటాక గుంటూరు దగ్గర ఒక పశు పరిశోధన కేంద్రంలో పనిచేశాను. అక్కడ దొర అనే ఒంగోలు ఆబోతు ఉండేది. దాని వంశంలో అదే ఆఖరు. జబ్బుచేసి వీర్యం పనికిరాకుండా పోయింది, ఒక్క దూడ కూడా పుట్టలేదు. అది చనిపోయినప్పుడు, దాన్ని సాకిన మస్తాన్ బాబాయ్ ఒక్కటే అడిగాడు.

"కొయ్యకుండా పాతిపెట్టండమ్మా."

సరేనన్నాను. ఆయన గొయ్యి తవ్వించడానికి వెళ్లగానే మేం దాని వృషణాలు తీసేశాం. వీర్యాన్ని పుట్టించే మూలకణాలు అందులోనే ఉంటాయి. వాటిని కాపాడితే ఎప్పటికైనా మరో ఆబోతు ద్వారా దొర దూడలు పుడతాయని ఆశ. ముక్కలను చిన్న గొట్టాల్లో పెట్టి గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ నింపిన క్యాన్‌లో దాచాం. కోసిన చోటు కనపడకుండా గోనెపట్టాలు కప్పాం. ఆయన పిడికెడు మట్టి వేసి ఏడుస్తుంటే పక్కనే నిలబడ్డాను. చాలా సిగ్గేసింది.

ఏడాది తర్వాత, మిర్చి కోతల రోజుల్లో, పొద్దున పదింటికి ఆయన వినుకొండ బస్సు దిగి వచ్చాడు. మూడు రోజులుగా దొర కలలోకొచ్చి నాలుక చాపుకుని నిలబడుతున్నాడట. గొయ్యి దగ్గరికి తీసుకెళ్లబోతే రాలేదు. నేరుగా ల్యాబ్‌లోకి నడిచాడు. ఐదు క్యాన్లున్నాయి, వాటి మీద నంబర్లు తప్ప పేర్లు లేవు. మూడోదాని మీద చెయ్యి వేశాడు.

"ఇందులో నీళ్లున్నాయో లేదో చూడమ్మా."

స్కేలు ముంచి తీశాను. అడుగున వేలెడంత మేరే మంచు పట్టింది, అంటే అంతే నైట్రోజన్ మిగిలింది. మొన్ననే నింపిన క్యాన్ అది. ఇంకో పూట గడిస్తే అందులోని దొర ముక్కలన్నీ పాడైపోయేవి. గొట్టాలను పక్క క్యాన్‌లోకి మార్చి, ఆయనకు జరిగిందంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

"ఏడాదిగా ఏడుస్తున్నానమ్మా. ఒక్క మాట చెప్పుంటే నెలనెలా వచ్చి చూసిపోయేవాణ్ణి కదా" అన్నాడు.

క్యాన్ మూత కింద సన్నటి పగులుందని తర్వాత తేలింది. ఆ కణాల నుంచి దూడ మాత్రం ఇంతవరకూ పుట్టలేదు. మస్తాన్ బాబాయ్ బతికున్నన్నాళ్లూ ప్రతి నెలా వచ్చి, ఆ గొట్టాలున్న క్యాన్ దగ్గర కాసేపు కూర్చుని వెళ్లేవాడు. ఆ రోజు ఆయన చెయ్యి మూడోదాని మీదకే ఎలా వెళ్లిందో ఆయన్ను అడిగాను. తెలియదన్నాడు. నాకూ తెలియదు.