‘ఒకసారి వేసి చూపించండి’ అన్న మా వదిన

మా వదిన ప్రభుత్వ ఆడిట్ ఆఫీసులో ఉద్యోగి. పెళ్ళయి మా ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడే, మా అన్నయ్య తెచ్చిన కూరగాయల సంచి నేలమీద కుమ్మరించి, "టమాటాలు సగం మెత్తబడ్డాయి, చూసుకోలేదా?" అని నిలదీసిన మనిషి. "మీ అన్నయ్య పని అయిపోయిందే" అని మా అమ్మ నా చెవిలో అంది. ఇంట్లో ఇంత నిక్కచ్చిగా ఉండే మనిషి ఆఫీసు పనిలో మాత్రం చాలాకాలం అందరూ చేసినట్టే చేసుకుపోయింది.

నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు నాది. ఆ పసిగుడ్లకి ముందు కావలసింది వెచ్చదనం. అందుకని ఒక విదేశం మాకు నాలుగు వార్మర్లు ఇచ్చింది. పైన వేడినిచ్చే దీపం, కింద చిన్న పరుపు, అంతే యంత్రం. వచ్చాయి, స్టోరు గదిలో కూర్చున్నాయి. మాది పాత భవనం, వాటి కరెంటుని మోసే వైరింగు లేదు. కొత్త వైరింగు ఎవరు వేయించాలో ఎవరికీ పట్టలేదు. ఇచ్చినవాళ్ళు ఇచ్చి చేతులు దులుపుకున్నారు, పుచ్చుకున్నవాళ్ళు సంతకం పెట్టి దులుపుకున్నారు. మేం పిల్లల్ని తల్లుల గుండెలకి కట్టి నెట్టుకొస్తున్నాం. తల్లికే ఒంట్లో బాగోని పిల్లల సంగతి మాత్రం నన్నడక్కండి.

ఏటా ఆడిట్ వాళ్ళు వచ్చేవారు. పెట్టెమీద నంబరూ, రిజిస్టరులో నంబరూ ఒకటేనా అని చూసేవారు. ఆకుపచ్చ పెన్సిలుతో టిక్కు కొట్టి వెళ్ళిపోయేవారు. వస్తువు ఉందా అంటే ఉంది. నేను ఆ ఆసుపత్రికి బదిలీ కాకముందు టిక్కు కొట్టినవాళ్ళలో మా వదిన కూడా ఉంది.

ఇలా ఉండగా అదే విదేశం వాళ్ళు ఆడిట్ ఆఫీసుని బాగుచేస్తామంటూ వచ్చారు. వాళ్ళ ఆడిటర్ ఒకాయన ఇక్కడే ఉండి వీళ్ళకి శిక్షణ ఇస్తాడట. ప్రతి గుమ్మం దగ్గరా తల వంచి దాటేవాడు కాబట్టి అందరూ ఆయన్ని పొడుగాయన అనేవారు. ఈ సంగతి వినగానే నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. భోజనాల దగ్గరే అడిగేశాను.

"లెక్కలు చూసేవాళ్ళకి సాయమేంటి వదినా, విడ్డూరం కాకపోతే! ఆ డబ్బేదో మా వార్డుకిస్తే పిల్లలు బతుకుతారు కదా!"

"మీ వార్డుకి ఇచ్చారుగా. స్టోర్లో ఉన్నాయిగా" అంది, తలెత్తకుండా.

నేను మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయాను. మా ఇంట్లో అదొక వింత.

పొడుగాయన నేర్పింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కొన్నది ఉందా అని చూస్తే సరిపోదు, అది పనిచేస్తోందా, ఎవరికైనా పనికొస్తోందా అని చూడాలి. వదినకి మొదట్లో నచ్చలేదు. యంత్రాల సంగతి మనకెందుకు అని సణుక్కుంది. తర్వాత ఒకరోజు వంటింట్లో నన్ను ఆపి, "ఆ వార్మర్లు లేకపోతే నిజంగా ఏమవుతుందే?" అని అడిగింది. దాచకుండా చెప్పాను. ఆ పూట తను అన్నం ముట్టలేదు.

కొత్త పద్ధతిలో మొదటి తనిఖీకి మా ఆసుపత్రినే ఎంచుకున్నారు. తన ఆడపడుచు అక్కడే పనిచేస్తోందని వదిన తన ఆఫీసు పెద్దసారుకి ముందే చెప్పేసింది. ఇంకో అధికారి కూడా పక్కనుండి సంతకం పెట్టేలా ఆయన ఏర్పాటు చేశారు. తీరా వార్డుకొచ్చి వదిన ఏమందో తెలుసా?

"సిస్టర్ గారూ, మీరు ఈ వార్డులో ఎప్పట్నుంచి పనిచేస్తున్నారు?"

పొద్దున నా జడపిన్ను ఎత్తుకెళ్ళిన మనిషి! నవ్వాపుకోలేక చచ్చాను. నేనూ తగ్గలేదు, "మేడమ్ గారూ" అంటూ జవాబిచ్చాను.

సూపరింటెండెంటు గారు స్టోరు తెరిచి పెట్టెలు చూపించారు. నంబర్లు సరిపోయాయి.

"ఒకసారి వేసి చూపించండి" అంది వదిన.

ఆ మాట ఇంతవరకు ఏ ఆడిటరూ అనలేదు. చివరికి ఒకదాన్ని విప్పి, వార్డులోకి తోసుకొచ్చి, స్విచ్చి వేశాం. దీపం ఎర్రబడింది, మరుక్షణం ఠప్పుమని ఫ్యూజు పోయి, ఫ్యాన్లూ లైట్లూ ఆగిపోయాయి. సూపరింటెండెంటు గారు కోప్పడతారనుకున్నా. ఆయన మాత్రం కుర్చీలో కూలబడి, "రాయండమ్మా, ఉన్నదున్నట్టు రాసేయండి. నేను అడిగి అడిగి అలిసిపోయాను" అన్నారు.

వదిన రాసింది. ఆసుపత్రి అశ్రద్ధ రాసింది. యంత్రాలిచ్చిన దేశం వైరింగు సంగతే చూసుకోలేదని రాసింది. తమ ఆఫీసు ఏటా అంతా సవ్యంగా ఉందని ధ్రువీకరించడం తప్పని కూడా రాసింది. పెద్దసారు గుండెల్లో రాయి పడింది.

"చివరి రెండూ తీసెయ్యమ్మా. మనకి శిక్షణ ఇస్తున్నది వాళ్ళే. కోపమొచ్చి వెళ్ళిపోతే కొత్తగా చేరినవాళ్ళకి ఎవరు నేర్పుతారు?"

ఆయన భయం అబద్ధం కాదు. వదిన ఆ సాయంత్రం ఇంటికొచ్చి మంచం చివర కూర్చుంది.

"తీసేస్తే ఒక్క సూపరింటెండెంటుకే మెమో వస్తుంది. వైరింగు రాదు. చలికాలం మాత్రం వచ్చేస్తుంది" అంది. మర్నాడు వెళ్ళి, తీయనని చెప్పేసింది.

పొడుగాయన ఆ రిపోర్టు చదువుతుంటే ముఖం కందగడ్డలా అయిందట. అయినా దాన్ని అలాగే తన దేశానికి పంపించాడు. జవాబు లేదు. పెద్దసారు వదినతో మాట్లాడ్డం మానేశారు. నాకైతే రోజూ ప్రాణం ఉగ్గబట్టుకున్నట్టే ఉండేది. చలి మొదలైంది, వార్డులో దుప్పట్లు చాల్లేదు.

చివరికి జవాబొచ్చింది. తప్పు తమదేనని వాళ్ళు ఒప్పుకున్నారు. వైరింగు ఖర్చులో సగం పెట్టుకుంటామన్నారు, మిగతా సగం భరించడానికి ఇక్కడి ఆరోగ్యశాఖ కాదనలేకపోయింది. శిక్షణ కూడా ఆగలేదు. "మమ్మల్ని కూడా నొప్పించే రిపోర్టు రాసే ఆఫీసు కావాలనే కదా నేనొచ్చింది" అని పొడుగాయన పెద్దసారుతో అన్నాడట. ఆ మనిషి మీద నా కోపం ఆ రోజుతో చల్లారింది.

వైరింగు అయ్యాక వదిన మళ్ళీ తనిఖీకి వచ్చింది. మూడు వార్మర్లు ఎర్రగా వెలుగుతున్నాయి. నాలుగోది వేడెక్కలేదు.

"వదినా, నాలుగూ అని రాసెయ్యవూ, రేపో మాపో బాగుచేస్తారు" అని బతిమాలాను, మేడమ్ గారూ అనడం మర్చిపోయి.

"మూడు" అంది, రాస్తూనే. "రేపో మాపో అన్న మాటతోనే కదా ఇన్నాళ్ళూ గడిచింది."

రాయడం అయ్యాక వదిన ఒక వార్మరు దగ్గర ఆగిపోయింది. అందులో గుప్పెడంత ఆడపిల్ల. తల్లికి ఆపరేషనయి పక్క వార్డులో ఉంది. వదిన చేతులు కడుక్కొచ్చి, ఒక్క వేలితో ఆ పిల్ల అరికాలు తాకింది. ఆ కాలు వెచ్చగా ఉంది. అంతే, మా వదిన, ఆ నిక్కచ్చి మనిషి, వార్డు మధ్యలో నిలబడి భోరుమంది.

"నేను టిక్కు కొట్టిన ఏళ్ళలో పుట్టినవాళ్ళు..." అంది.

తనని పట్టుకుని నేనూ ఏడ్చాను. ఈలోగా ఆ పిల్ల ఆకలికి లేచి కేరుమంది, నేను కళ్ళు తుడుచుకుని పాలు పట్టడానికి వెళ్ళాను. ఆ వారంలోనే మెకానిక్ వచ్చి నాలుగోది బాగుచేశాడు.