ఖాళీ ఉన్నా కదలని ఫైళ్లు

ఆసుపత్రిలో అందరూ ఆమెను బొంగరం అనేవారు. సర్వర్లు చూసుకోవడం కూర్చుని చేసే ఉద్యోగమే అయినా ఆమె కూర్చోదు. నిలబడే టైపు చేస్తుంది. ఫోను మోగితే గదంతా తిరుగుతూ మాట్లాడుతుంది.

ఆ రోజు పొద్దున్నుంచీ స్కానింగు విభాగం నుంచి ఫోన్ల మీద ఫోన్లు. యంత్రం తీసిన బొమ్మలు డాక్టర్ల తెరల మీదికి నత్తనడకన వస్తున్నాయి. వరండాలో రోగులు గొణుగుతున్నారు. కడుపులో గడ్డేదో ఉందని భయపడుతున్న బొంగరం తోడికోడలు కూడా వాళ్లలోనే ఉంది.

బొంగరం ముందు డిస్కు చూసింది. సగానికి పైగా ఖాళీ. ప్రాసెసరు మీదా పెద్ద బరువు లేదు. మరి ఎక్కడ అడ్డుపడుతోంది?

"ఓసారి ఆపి మళ్లీ ఆన్ చెయ్యమ్మా, అదే దారికొస్తుంది," అన్నాడు మేనేజరు.

"వద్దు సార్. సగం దారిలో ఉన్న బొమ్మలు పోతే, రోగులందరినీ మళ్లీ పడుకోబెట్టి తియ్యాలి."

బొమ్మలు వచ్చిపడే ఫోల్డరులో ఏమున్నాయో చూపమని కంప్యూటరును అడిగింది. తెర ఉలకలేదు, పలకలేదు. అప్పుడు ఆమెకు అనుమానం వచ్చింది. లెక్కపెట్టిస్తే అంకె పెరుగుతూనే పోయింది. కొత్తగా కొన్న యంత్రం 'నేను పనిచేస్తున్నా' అని క్షణక్షణం ఒక బుల్లి ఫైలు అక్కడ పడేస్తోంది. తీసేసేవాళ్లు లేరు. అవి డిస్కులో పెద్దగా చోటు తినవు గానీ, ఒక్కో బొమ్మ కోసం ప్రోగ్రాము ఆ లక్షల ఫైళ్లనూ గాలించాల్సి వస్తోంది.

బొమ్మల జోలికి పోకుండా వాటిని మాత్రమే ఏరి తీసేసే పని మొదలుపెట్టింది. అది తెమిలేలోగా తోడికోడలు తలుపు దగ్గర నిలబడింది.

"నాదొక్కటీ ముందు పంపించవే. గుండె దడదడలాడుతోంది."

చేత్తో ఒక్కొక్కటీ పంపించవచ్చు. బొంగరం చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది కూడా. సరిగ్గా అప్పుడే అత్యవసర వార్డు నర్సు ఫోను చేసింది. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవాడి బొమ్మ ఇంకా రాలేదట.

ముందు దాన్ని పంపింది.

"తర్వాత నాదేగా?"

"నీకంటే ముందొచ్చినవాళ్లు బోలెడుమంది ఉన్నారక్కా."

"అయినవాళ్లకు అక్కరకు రాని ఉద్యోగం ఎందుకే నీకు?" తోడికోడలు మొహం గంటు పెట్టుకుని వెళ్లిపోయింది. అయినా బొంగరం తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

బుల్లి ఫైళ్లన్నీ పోయి, మధ్యాహ్నానికి బొమ్మలు జోరందుకున్నాయి. తలలో రక్తస్రావం కనిపెట్టిన డాక్టర్లు ఆ మనిషిని వెంటనే ఆపరేషనుకు తీసుకెళ్లారు. తోడికోడలి కడుపులోది ఉత్త నీటిబుడగేనని, కోత అక్కర్లేదని తేలింది.

సాయంత్రం ఇంట్లో ఇద్దరూ పక్కపక్కనే కూరగాయలు తరిగారు.

"ఆ తలదెబ్బ మనిషి ఎలా ఉన్నాడే?" తోడికోడలు కత్తిపీట మీంచి తలెత్తకుండానే అడిగింది.

"కళ్లు తెరిచాడట."

"పోన్లే," అని తరిగిన ముక్కలు బొంగరం వైపు జరిపింది.